ఉప్పు లేని చిక్కుడు కొత్త

మా ఆవిడ అరకు లోయలో ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. నేను కాఫీ గింజలు కొనే డిపోలో గుమాస్తాను. లోకంలో ఏ మూల ఎవరు పొద్దున్నే కళ్లు తెరిచినా అందులో నా తూకం ఉందని నలుగురి దగ్గరా చెప్పుకునేవాణ్ణి. డిపోలో నేను తూచిన గింజలకంటే తీసిన కునుకులే ఎక్కువని మా ఆవిడ ఆ నలుగురికీ విడివిడిగా చెప్పి వచ్చేది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు నన్ను కంచం ముందు కూర్చోబెట్టి, "ఇనుము తినండి" అంది. నేను భయంగా గరిటె వైపు చూశాను. తీరా చూస్తే మునగాకు వేపుడు. ఆవిడ భాష అది. చోడి అంబలి, అదే రాగి అంబలి, అంటే కాల్షియం. ఎండుచేప అంటే భాస్వరం. అరటిపండు అంటే పొటాషియం. సంతకు వెళితే మనలాంటి వాళ్లకు కూరగాయలు కనిపిస్తాయి. ఆవిడకు మూలకాలు కుప్పలు పోసి కనిపించేవి. వారం వారం ఆవర్తన పట్టికను రెండు సంచుల్లో వేసుకుని కొండెక్కిన మొగుడు ఈ దేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఒక సంచీలో లోహాలు, ఇంకో సంచీలో అలోహాలు. బంగారం మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. ఆ మాట నేను అంటే, "దాంట్లో పోషక విలువ లేదు లెండి" అనేది. ఇలాంటి భార్య దొరకడానికి పూర్వజన్మలో నేను కనీసం నాలుగు చెరువులు తవ్వించి ఉంటాను.

బళ్లో గుంటలకు, అంటే పిల్లలకు, ఆవిడ చెప్పే పాఠం బడి గోడల్లో ఆగేది కాదు. "మన ఒంట్లో చిన్న మేకు చేసేంత ఇనుముంటుంది, గోడకి వెల్ల వేసేంత సున్నం ఉంటుంది" అని చెప్తే ఒక గుంట లేచి, "సారు ఒంట్లో ఏటుంటాదండీ?" అని అడిగిందట. "కాఫీ, కోతలు" అని మా ఆవిడ జవాబు. ఆ తరవాత దారిలో ఏ పిల్ల ఎదురైనా నన్ను చూసి కిసుక్కున నవ్వేది. ఆ గుంటలు చిక్కుళ్లు తినాలని, చోళ్లు మానేసి ఊరికే తెల్లన్నం తినొద్దని ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వాడలో ఆవిడ గొంతు వినిపిస్తే చాలు, తల్లులు కూరలో ఇంత ఆకు తుంచి పడేసేవారు.

అటువంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి.

ఆవిడ పుట్టిల్లు సముద్రం ఒడ్డున కొబ్బరి తోటల ఊరు. ఆ వైపు ఊళ్లలో ఈ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. ఎందుకో ఎవరి కారణం వాళ్లు చెబుతారు. మేం ఎప్పుడో కొండెక్కి వచ్చేశాం కదా, జబ్బుకి ఘాట్ రోడ్డు పడదులే అనుకున్నాను. పడింది. మలుపుల దగ్గర మా బంధువులందరూ బస్సు కిటికీలోంచి తలలు బయటపెట్టి వాంతులు చేసుకుంటూ ఎక్కారు గాని, అది మాత్రం ముందు సీట్లో కూర్చున్నట్టు నింపాదిగా ఎక్కింది.

పట్నంలో డాక్టరుగారు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకోమన్నారు. ఏం తినకూడదో చెప్పారు. సోడియం వద్దు, పొటాషియం వద్దు, భాస్వరం తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి. ఆయన చెబుతున్నంతసేపూ మా ఆవిడ, తను పాఠం చెప్పి పెంచిన పిల్లలే తన మీద సాక్ష్యం చెబుతుంటే వినే పంతులమ్మలా తల ఊపుతూ కూర్చుంది. ఇంటికి వచ్చాక బళ్లో పనికిరాదని పక్కన పడేసిన పాత ఆవర్తన పట్టిక తెచ్చి వంటింట్లో వేలాడదీసింది. సోడియానికి, పొటాషియానికి, భాస్వరానికి తన బొట్టుబిళ్లలు తీసి అంటించింది.

"ఏంటిది, పేరంటమా?" అన్నాను.

"వీళ్లు మనింటికి రాకూడదు. గుర్తుంటుందని," అంది.

"పొటాషియం గడిలో 'కె' అని ఉందేం? పేరొకటీ సంతకం ఇంకొకటీనా? మా డిపోలో ఇలాంటి వాళ్లకి ఒక్క గింజ కూడా తూచం."

"అది మోసగాడని నాకిప్పుడే తెలిసిందండీ," అంది. నవ్వుతూనే అంది. కాని ఆ గడి మీద బిళ్లను బొటనవేలితో గట్టిగా, చాలాసేపు ఒత్తింది.

ఆ మర్నాటి నుంచి వంట పని నాది. వంట అంటే ఏమిటనుకున్నారు? కూరగాయ చెక్కు తీయాలి. సన్నగా తరగాలి. ఓ పెద్ద గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ బోలెడు నీళ్లలో ఉడికించాలి. ఆ నీళ్లూ పారబోయాలి. అప్పటికి గిన్నెలో మిగిలేది కూర కాదు, కూర తాలూకు జ్ఞాపకం. దానికి ఉప్పు ఉండదు, చింతపండు ఉండదు, టమాటా ఉండదు. నేను పారబోసిన నీళ్లకి మా పెరట్లో గడ్డి ఏనుగులు దాక్కునేంత ఎత్తు పెరిగింది. అందులో మా ఇంటి పొటాషియమంతా ఉంది మరి.

డయాలసిస్ రోజున తెల్లారే బస్సెక్కి పట్నం దిగేవాళ్లం. ఆసుపత్రి ముందు కొబ్బరి బొండాల గుట్ట ఉండేది. పుట్టగానే నాలిక మీద తేనెకి బదులు కొబ్బరినీళ్లు వేసిన ఊరు ఆవిడది. బొండాం పొటాషియం బుడగ. ఆవిడ ఆ గుట్ట వచ్చేసరికి రోడ్డుకి అవతలి వైపు ఏదో గొప్ప వింత ఉన్నట్టు తల తిప్పుకునేది. ఒకసారి నేనూ అటు తిరిగి చూశాను. అవతల గోడ. దాని మీద మూత్రం పోయరాదని రాసి ఉంది.

ఇక మా పక్కింటి అవ్వ గురించి చెప్పాలి. లోయ అంచున మేం అద్దెకున్న వాడంతా కొండ రైతులే. ఆ వాడకి అవ్వ రాణి, మంత్రి, పోలీసు. ఆవిడ వయసు ఆవిడకే తెలీదు. మా ఇద్దరి ఇళ్ల మధ్యా ఉన్న దడి, అవ్వ తల దూర్చి దూర్చి, అచ్చం ఆవిడ తల ఆకారంలోనే చిరిగింది. ఆ కంతలోంచి ఒకరోజు నా వంట చూసింది.

"ఏటి బాబూ, కూర వండుతన్నావా, దానికి సావు నీళ్లు పోత్తన్నావా?"

అరుగు మీద కూర్చున్న మా ఆవిడ, "పొటాషియం తీస్తున్నాం అవ్వా," అంది.

"అదేటి, పురుగా?"

"పురుగైతే ఏరిపారేద్దుం. ఇది ఉప్పులాంటిది. అన్ని కూరల్లోనూ ఉంటుంది. నీ ఒంట్లో, నా ఒంట్లో కూడా ఉంటుంది. గుండె కొట్టుకునేది దానివల్లే."

"మంచిదే గదా మరి! ఎందుకు తీసీడం?"

"ఎక్కువైతే గుండెని ఆపేసేదీ అదే అవ్వా. ఎక్కువైంది బయటికి పంపడానికి నాకు కిడ్నీలు లేవు."

అవ్వ ఇట్టే పట్టేసింది. "మా అల్లుడిలాటిదన్నమాట. సేన్లో ఒక్కడే ఉంటే పని అవుద్ది. ఇంకో నలుగుర్ని పోగేసుకున్నాడంటే జీలుగు కల్లే, పని ఆగిపోద్ది."

మా ఆవిడ పకపకా నవ్వింది. తను తరగతిలో ఇన్నాళ్లు చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయానంది. అవ్వ దడి కంతలోంచి తల తీసుకుని, చుట్టూ తిరిగి వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి చూసింది.

"మాం సేదు దుంపకి సేసే పనే ఇది. అడివి దుంప తవ్వి తెత్తాం, అది ఊరికే తింటే మనిషి పడిపోతాడు. ముక్కలు కోసి బుట్టలో ఏసి వాగులో పెడతాం. వాగే కడుగుద్ది. గిన్నెలెందుకు? వాగుకి నీ మొగుడిలా ఆయాసం రాదు గదా."

మా ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "పారే నీళ్లండీ! గిన్నెలో నీళ్లు కాసేపటికి పొటాషియంతో నిండిపోతాయి, ఇంక లాక్కోలేవు. వాగులో ఎప్పటికప్పుడు కొత్త నీళ్లే," అని నా భుజం మీద కొట్టింది. ఆ మధ్యకాలంలో ఆవిడ నన్ను అంత ఉత్సాహంగా కొట్టలేదు. ఆ రోజు నుంచి మా కూరలు అవ్వ దుంపల పక్కన వెదురుబుట్టలో, రెండు రాళ్ల మధ్య, చల్లటి వాగులో పడుకునేవి. తరవాత నేను మామూలుగా ఉడికించి వార్చేవాణ్ణి. నెలాఖరు రక్తపరీక్షలో పొటాషియం కాస్త దిగింది. అది మందువల్లో వాగువల్లో డాక్టరుగారు చెప్పలేదు. నేను మాత్రం వాగుకి దణ్ణం పెట్టాను.

చలి ముదిరింది. చిక్కుడు తీగలు కాయలతో వంగిపోయాయి. ఈ కొండల్లో కొత్త పంట ఏదైనా పండితే ముందు దేవతకి పెట్టి, అందరూ కలిసి తిని, ఆ తరవాతే ఎవరింట్లోనైనా వండుకోవాలి. దాన్నే కొత్త అంటారు. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త. కొత్త కాకుండా కాయ తెంపితే దేవత ఊరుకున్నా అవ్వ ఊరుకోదు. మేం వచ్చిన ఏడాది నుంచీ అవ్వ మమ్మల్ని కూడా తమ కొత్తలో కూర్చోబెట్టేది. వాడంతటికీ ఒకే కుండ. అందులో చిక్కుడు గింజలు, పక్కన సామన్నం, అడ్డాకుల్లో భోజనం. ఆ కూర ఎంత రుచిగా ఉండేదంటే, దాని వాసనకి పక్క కొండ మీద తపస్సు చేసుకునే మునులుంటే చెంబులతో సహా దిగి వచ్చేవారు.

ఆ ఏడాది దిశారి, అంటే మంచిరోజు చూసి చెప్పే పెద్దాయన, కొత్తకి రోజు చెప్పలేదు. వారం పోయింది. ఇంకో వారం పోయింది. గింజలు తీగ మీదే ముదిరి గలగలమంటున్నాయి. బడి గుంటలు ఎండుమిరపకాయ నూరుకుని అంబలితో కానిస్తున్నారు. విషయమేమిటని నేను అవ్వని అడిగాను.

"టీచరమ్మ తినకుండా కొత్తెలాగవుద్ది?" అంది, తెలివితక్కువ ప్రశ్న అడిగిన గుంటడితో మాట్లాడినట్టు. "కుండలో లెక్కున్నోళ్లు ఒకరు తినకపోయినా కొత్త కానట్టే. బాగవ్వనీ. అప్పుడు సేద్దాం."

బాగవదని అవ్వకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేరుగా దిశారి దగ్గరకే వెళ్లాను. ఆయన ఎండలో కూర్చుని గొడ్డలికి కర్ర బిగిస్తున్నాడు.

"పెద్దాయనా, మా ఆవిడ బదులు నేను తింటాను. రెండు వాటాలూ తింటాను. మూడైనా తింటాను. నా పొట్ట చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది."

"నీ పొట్ట సంగతి వాడందరికీ తెల్సు గుమాస్తా బాబూ. ఒకరి ఆకలి ఒకరు తింటారేటి?"

"పోనీ వేలితో తాకి కళ్లకద్దుకుంటుంది."

"తాకితే కడుపు నిండుద్దా? దేవతా నవ్వుద్ది, గుంటలూ నవ్వుతారు."

"చిక్కుడు గింజలు ఆమెకి పడవండీ. గుండె ఆగిపోతుంది."

ఆయన గొడ్డలి కింద పెట్టాడు. "అలగైతే తినొద్దు బాబూ. మాం ఆగుతాం. చిక్కుడు నేకపోతే సచ్చిపోంగదా." ఆ మాటలో నిష్ఠూరం కొంచెమైనా ఉంటే నేను పోట్లాడి వచ్చేవాణ్ణి. లేదు.

ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పబోయాను. మా ఆవిడ నవ్వలేదు.

"అంటే నావల్ల వాడంతా చిక్కుళ్లు మానేసిందన్నమాట."

"మానేయలేదు. వాయిదా వేశారు."

"ఏటండీ మీరు!" కోపం వస్తే ఆవిడకి పుట్టింటి మాట వచ్చేది. "ఈ గుంటలకి మాంసం ఏ నెలకో ఒకసారి. ఈ గింజలే వాళ్లకి బలం. తినండి తినండి అని నేనే కదా ఇంటింటికీ తిరిగాను? ఇప్పుడు నా రక్తంలో ఏదో పెరిగిందని వాళ్ల కంచాల్లో తగ్గాలా? ఇలా బతికితే నేను టీచర్ని ఎలా అవుతాను?"

"నువ్వు తింటే నేను ఏమైపోతాను?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఆ పట్టిక ముందు నిలబడింది. అక్కణ్ణుంచే, పరీక్ష పేపరు దిద్దేటప్పటి గొంతుతో, "డయాలసిస్ అయిన మర్నాడు తింటాను. గింజలు పై తోలు తీసి వాగులో పెట్టాలి. రెండు నీళ్లలో ఉడికించి వార్చాలి. ఉప్పు, పులుపు వద్దు. ఒక్క గుప్పెడు. అంతకంటే ఒక్క గింజ ఎక్కువ తిననని మీ మీద ఒట్టు," అంది. డాక్టరుగారిని అడిగాం. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "గుప్పెడు అంటే మీ గుప్పెడు కాదు, ఆవిడ గుప్పెడు," అని నాకేసి చూసి ఒప్పుకున్నారు.

డయాలసిస్ నుంచి తిరిగి రాగానే అవ్వకి చెప్పాం. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. మొహం చిట్లించింది.

"వేరే కుండలో వండుతావా?"

"అవును అవ్వా, చిన్న కుండలో. మీది మీరు మామూలుగా వండుకోండి."

"అది కొత్త కాదు. కొత్తకి ఒకటే కుండ. వేరే కుండంటే వేరే ఊరు."

అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. అవ్వ ఆకాశం వైపు చూసింది, మా ఆవిడ వైపు చూసింది. లేచి వీధిలోకి వెళ్లి, నాలుగు కొండల అవతలికి వినిపించేలా అరిచింది: "ఒలే గుంటల్లారా! బుట్టలు తియ్యండి. గింజలన్నీ వాగులో పెట్టాల. బేగి!"

నేను నా జీవితంలో చాలా చూశాను, చూడనివి అంతకంటే ఎక్కువ వర్ణించాను. కాని ఆ రోజు వాగు దగ్గర చూసినదానికి నేను కలపగలిగింది ఏమీ లేదు. మడమల లోతు చన్నీళ్లలో ఆడవాళ్లు వరసగా బుట్టలు పెట్టి, కొట్టుకుపోకుండా రాళ్లు కూరుస్తున్నారు. ఒక్క మనిషి రక్తం కోసం వాడలో అందరి గింజలూ నీళ్లలో నానుతున్నాయి. మా ఆవిడ ఒడ్డున శాలువా కప్పుకుని కూర్చుని, తోలు తీయని గింజ కనిపిస్తే చాలు, బళ్లో లాగే చెయ్యి చాపి చూపిస్తోంది.

మర్నాడు కొత్త. దేవతకి పెట్టారు. అడ్డాకులు పరిచారు. కూర వడ్డించారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దిశారి ముఖంలో జరిగిన మార్పులు చెప్పాలంటే ఒక గ్రంథం కావాలి. మింగాడు. నీళ్లు తాగాడు.

"మా గొడ్డుకైనా ఇంత ఉప్పేత్తామే అవ్వా," అన్నాడు.

"గొడ్డు దండిగా పని సేత్తాది గదా," అంది అవ్వ.

నవ్వులు లేచాయి. ఒకాయన ఇది కూరా, తడిసిన మట్టా అన్నాడు. ఒక గుంట చప్పరించి, "టీచరమ్మా, రోజూ ఇదే తింతన్నారా?" అంది. ఆ తరవాత అందరూ వంచిన తల ఎత్తకుండా తిన్నారు. ఎవరూ ఆకులో గింజ మిగల్చలేదు. మా ఆవిడ తన గుప్పెడు గింజల్నీ ఒక్కొక్కటిగా, ఏదో పెద్ద విందులో ఉన్నట్టు, కళ్లు మూసుకుని నమిలింది. చివరి గింజ తిన్నాక నాకేసి చూసి, "ఏమీ కాలేదు చూశారా," అంది. సాయంత్రానికి వాడలో ప్రతి ఇంట్లోనూ చిక్కుళ్లు వేగిన వాసన, పోపు వాసన. ఆ వాసనకి ఆవిడ వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఆ చలికాలం బాగానే గడిచింది. ఎండాకాలమూ గడిచింది.

వానల్లో కొండ విరిగి ఘాట్ రోడ్డు మీద పడింది. బస్సులు ఆగిపోయాయి. ఆ రోజు డయాలసిస్ రోజు. రేపు తెరుస్తారన్నారు. రేపు ఇంకో మలుపు దగ్గర విరిగింది. రైలు మార్గం మీదా రాళ్లు పడ్డాయి. ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాను. వాళ్ల దగ్గరున్న ఇంజెక్షన్లన్నీ ఇచ్చారు. మిషను కొండ కింద ఉంది.

"కాళ్లు నావి కావట్లేదండీ," అంది. అది ఎందుకో ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. ఎన్నాళ్లు వండాను నేను.

అవ్వ తల మీద ప్లాస్టిక్ సంచీ కప్పుకుని తడుస్తూ వచ్చి ఆ కాళ్లు పట్టుకుని కూర్చుంది. మంచం పక్కన తెర మీద ఆకుపచ్చ గీత నడుస్తోంది. మామూలుగా చిన్న చిన్న గుట్టల్లా ఉండే గీత, ఆ మధ్యాహ్నం సూదిమొనల కొండల్లా లేచింది. నేను దాన్నే చూస్తున్నాను.

"అది పొటాషియం సంతకం," అంది మా ఆవిడ. "అనంతగిరి ఘాట్ లాగా లేదూ?"

"నీ కొండలకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి," అన్నాను.

"దాన్ని చూడకండి. నన్ను చూడండి." తరవాత అవ్వ వైపు తిరిగి, "వాగు పొంగి ఉంటుంది. బుట్టలు తీశావా?" అంది.

"బుట్టలు పోతే పోనీయమ్మా. కొండ మీద వెదురు నేదేటి?"

"మళ్లీ అల్లాలి కదా, పాపం," అంది.

అదే ఆఖరి మాట. రోడ్డు మర్నాడు తెరిచారు.

ఆ తరవాతి నెలల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉప్పు వేసుకుని తిన్నాను. పచ్చడి తిన్నాను. అరటిపండు తిన్నాను. ఏది తిన్నా ఎవరి వాటానో తింటున్నట్టు ఉండేది.

మళ్లీ చిక్కుళ్లు కాశాయి. కొత్త రోజున నేను తలుపు వేసుకుని పడుకున్నాను. అవ్వ తలుపు కొట్టలేదు, తోసింది.

"కుండలో నీ లెక్కుంది. నువ్వు రాకపోతే గుంటలు తినరు. లెగు."

లేచాను. ఆ వాడలో నేనొక్కణ్ణే అలిగి ఇంతమందిని పస్తు పెట్టే గొప్పవాణ్ణి కాను. కుండ దగ్గరికి వెళ్లేసరికి ఆడవాళ్లు వాగులోంచి బుట్టలు ఎత్తుకొస్తున్నారు. నీళ్లు కారుతున్న బుట్టలు. తోలు తీసిన గింజలు. దిశారి ఇంటికి సీలేరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కోడలు ఉడుకుతున్న కుండలో గింజ పట్టి చూసి, కొంచెం బిడియంగా, "అవ్వా, ఉప్పెయ్యడం మరిసిపోనారు," అంది.

"మరిసిపోడమేటే? మా కొత్తకి ఉప్పుండదు. ఉప్పూ పులుపూ మా తల్లికి పడవు. వాగులో కడిగిందే పెట్టాల."

"ఎప్పటినుంచీ?"

"ఎప్పటినుంచో," అంది అవ్వ, గరిటెతో దేవత ఉన్న వైపు చూపించి.

ఆ దేవత ఎన్నో తరాలుగా ఉప్పూ కారం పుష్కలంగా తిన్నదే. నిరుడే జబ్బు చేసింది. వాడలో ఎవరికీ కిడ్నీల జబ్బు లేదు, వాళ్ల గింజల్ని వాళ్లు ఉప్పేసుకుని తినొచ్చు, నానబెట్టనక్కర్లేదు, వార్చనక్కర్లేదు, వార్చిన నీళ్లతో పాటు గుంటల బలం కూడా కొంత వాగులో పోతోంది. ఇదంతా చెప్పాల్సిన మనిషి ఉంటే నిలబెట్టి పాఠం చెప్పేది. ఇప్పుడు అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏడాదికి ఒక్క పూటే కదా, రేపటి నుంచి ఎవరి పోపు వాళ్లదే కదా అని ఒక మనసు. అయినా చెప్పాలని ఇంకో మనసు.

"అవ్వా, ఇంక ఇది..." అని నోరు తెరిచాను.

తెరిచిన నోట్లో అవ్వ ఒక ముద్ద పెట్టింది. "దేవతకి పెట్టీసినాం. ముందు నువ్వు తిను."

చప్పగా ఉంది. నేను చేసిన చప్పిడి కూరలన్నింటి కంటే చప్పగా ఉంది. నమలడం మొదలుపెట్టాను. నేను మింగితే గాని వడ్డన సాగదని అందరూ ఆకుల ముందు చేతులు కట్టుకుని నాకేసి చూస్తున్నారు. మింగాను.

కొత్త కోడలు ఓ గింజ నోట్లో వేసుకుని, మొహం అదోలా పెట్టి, అవ్వకి వినపడకుండా నన్ను అడిగింది. "ఇది ఎలాగ తింతన్నారు బాబూ? మీకు బాగుందేటి?"

"ఇంకొంచెం పెట్టమ్మా," అన్నాను.